గుండమ్మగారి వయసు

గుండమ్మగారికి ఎన్నేళ్ళుంటాయో మీరెప్పుడైనా లెక్కవేసి చూశారా? అరవై ఉంటాయంటారు కొందరు. యాభై అయినా లేకపోతే ఆ గొంతు, ఆ పెత్తనం ఎక్కణ్ణుంచి వస్తాయంటారు ఇంకొందరు. 'గుండమ్మ కథ' విడుదలైంది 1962 జూన్‌లో. సూర్యకాంతంగారు పుట్టింది 1924 అక్టోబరులో. వేళ్ళమీద లెక్కపెట్టుకోండి, ముప్ఫై ఎనిమిది కూడా నిండలేదు! ఆవిడ కన్నకూతురుగా వేసిన జమునగారు ఆవిడకంటే పన్నెండేళ్ళే చిన్న. వియ్యంకుడుగా వచ్చిన రంగారావుగారు, తనకు కొడుకుగా వేసిన రామారావుగారి కంటే ఐదేళ్ళే పెద్ద.

ఇవాళ ముప్ఫై ఏడేళ్ళ నటి దగ్గరకు వెళ్ళి "అమ్మా, మీరు అత్తగారి వేషం వెయ్యాలి" అన్నారనుకోండి, ఆవిడ మళ్ళీ ఆ నిర్మాత ఫోను ఎత్తదు. వయసు పైబడినట్టు కనిపిస్తానన్న భయం అని మనం చప్పున అనేస్తాం. అది కొంత నిజమే కావచ్చు. కాని ఆవిడ పక్షాన ఇంకో న్యాయం కూడా ఉంది. ఇవాళ్టి అత్తగారి వేషంలో వెయ్యడానికి ఏముంది గనక? పట్టుచీర కట్టుకుని పెళ్ళిపందిట్లో నిలబడటం, ఆస్పత్రి వరండాలో కొంగు నోటికడ్డం పెట్టుకోవడం, హీరో భోజనానికి కూచుంటే ఇంకో గరిటె పప్పు వెయ్యడం. ఈ మూడిటికీ సూర్యకాంతం ఎందుకు, ఎవరైనా చాలు.

కేరెక్టర్ యాక్టరు అన్న మాటకు మనవాళ్ళు గుణచిత్ర నటుడు అన్నారు, సహాయ నటుడు అన్నారు. మొదటిది నోరు తిరగని మాట. రెండోది ఎంత సులువుగా ఉందో అంత తిరకాసు మాట. సహాయం ఎవరికండీ? హీరోకే గదా! అంటే ఇంట్లో నలుగురు మనుషులుంటే ఒకరిదే బతుకు, మిగతా ముగ్గురూ ఆ బతుక్కి సాయం అన్నమాట. ఈ లెక్క మనలో చాలామందికి కొత్తదేం కాదు. అందుకే కాబోలు, సినిమాలో చూసినా తప్పని తోచదు.

సినిమా చూసేటప్పుడు నాకో కొలత ఉంది. గదిలోంచి హీరో బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆ గదిలో మిగిలిన మనిషి ఏం చేస్తూ ఉంటుంది? ఏదో పని చేసుకుంటూ, ఎవరితోనో మనసులో పోట్లాడుకుంటూ, రేపటి గురించి బెంగపడుతూ ఉంటుందని నాకు అనిపించిందా, ఆ పాత్రకు ప్రాణం ఉన్నట్టు. హీరో తలుపు మూయగానే దీపం ఆర్పేసినట్టు ఆ మనిషి కూడా ఆరిపోయిందా, అది కరివేపాకు వేషం. పోపులో వాసన కోసం వేస్తారు, విస్తట్లో పక్కకు తీసేస్తారు.

ఈ కొలతతో 'గుండమ్మ కథ' ఇంకోసారి చూడండి. ఆ సినిమాలో రామారావుగారున్నారు, నాగేశ్వరరావుగారున్నారు, సావిత్రీ జమునా ఉన్నారు. అప్పటికి తెలుగులో అంతకంటే పెద్ద పేర్లు లేవు. ఐనా సినిమా పేరు మాత్రం గయ్యాళి అత్తగారిది! రుబ్బురోలు దగ్గర రామారావుగారు పిండి రుబ్బితే హాలంతా ఈలలు వేసింది నిజమే. కాని అసలు ఆ రోలు ఎవరిది, ఆ ఇల్లెవరిది? గుండమ్మది. మగదిక్కు లేని ఆడమనిషి. ఆస్తి ఉంది. చేతికందని కొడుకు, గారాబం చేసిన కూతురు, అంట్లు తోముకునే సవతికూతురు. ఊళ్ళో రమణారెడ్డి లాంటి వాడు గడపలోకి వచ్చాడంటే ఏదో ఒక కొంప ముంచే ఆలోచనతోనే వస్తాడు. ఆవిడ నోరు ఆ ఇంటికి ప్రహరీగోడ. గోడ ఎత్తు తగ్గిస్తే ఇంట్లో ఏం మిగలదని ఆవిడ భయం.

ఈ భయాన్ని సూర్యకాంతంగారు సినిమా సగందాకా మనకు చూపించరు. ఎడమచెయ్యి తిప్పుతూ, పెదవి విరుస్తూ, అవతలి మనిషి వాక్యం పూర్తికాకుండానే తనది అందుకుంటూ పోతారు. దుర్గమ్మగా ఛాయాదేవిగారు ఆ గుమ్మంలో అడుగుపెట్టాక చూడాలి తమాషా. అంత గుండమ్మా పిల్లిపిల్ల ఐపోతుంది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఇల్లు ఎంత చిన్నబోతుందో మనందరికీ తెలుసు. చివరికి ఆవిణ్ణి ఆదుకునేది తను అంట్ల దగ్గర కూచోబెట్టిన సవతికూతురే. సావిత్రీ సూర్యకాంతాల మధ్య నడిచిన ఈ కథ ఉంది చూశారూ, ఇద్దరు హీరోల మారువేషాల కంటే నాకు అదే ఎక్కువ గుర్తు. సవతితల్లి రాక్షసి అని చెప్పేసి ఊరుకోవచ్చు, బోలెడు సినిమాల్లో ఊరుకున్నారు. ఇందులో మాత్రం రాక్షసికి ఒంటరితనం ఉంది.

ఈ సినిమా దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు. అదే ఏడాది ఆయనే 'మహామంత్రి తిమ్మరుసు' తీశారు. మరుసటి ఏడాది, 1963లో, 'నర్తనశాల'. మూడిట్లోనూ రామారావుగారే హీరో. 'మహామంత్రి తిమ్మరుసు'లో కృష్ణదేవరాయలు ఆయన, కాని సినిమా పేరూ, దుఃఖమూ గుమ్మడిగారివి. 'గుండమ్మ కథ'లో పేరు సూర్యకాంతానిది. మూడోదాన్లో రామారావుగారు బృహన్నల వేషం కట్టి ఆశ్చర్యపరిచినా, జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కీచకుడు వేసిన రంగారావుగారికి వచ్చింది. ఇదంతా ఒక్క దర్శకుడి చేతిమీదుగా రెండేళ్ళలో జరిగింది. అంతటి హీరో పక్కనుండగా ఇంకొకరి పేరు మీద సినిమా తియ్యడానికి దర్శకుడికి ధైర్యం కావాలి. ఒప్పుకోవడానికి ఆ హీరోకి ఇంకా ఎక్కువ కావాలి. ఆ మంచి రామారావుగారి ఖాతాలోనే వెయ్యాలి. 'నర్తనశాల' నిర్మాతల్లో లక్ష్మీరాజ్యంగారు ఒకరని కూడా చెప్పుకుందాం, ఆడవాళ్ళ పత్రికలో ఆ మాట చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం!

రంగారావుగారి గురించి రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. 1951లో 'పాతాళ భైరవి' మాంత్రికుడు. 1955లో 'మిస్సమ్మ' జమీందారు. పోయిన కూతుర్ని తల్చుకుంటూ ఎవరో పరాయి పిల్లను 'అమ్మాయీ' అని పిలుచుకునే పిచ్చి తండ్రి. 1957లో ఘటోత్కచుడు. ఆరేళ్ళలో ముగ్గురు మనుషులు, ఒకరి మొహం ఇంకొకరికి లేదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు ఆడిన మనిషి. అదే క్లబ్బులోంచి రేలంగిగారూ అంజలీదేవిగారూ వచ్చారు. స్టేజీమీద చివరి వరసలో కూచున్న వాడికి కూడా మనిషి కనిపించాలి, మాట వినిపించాలి. ఆ అలవాటు వాళ్ళ ఒంట్లోనే ఉంది.

'మాయాబజార్' గురించి మాత్రం ఒక్క మాట చెప్పి తీరాలి. సావిత్రి గొప్పనటి అని చెప్పడానికి ఎవరైనా ఆ సినిమానే చూపిస్తారు. మాయా శశిరేఖగా ఆవిడ చేసిన పని గుర్తు తెచ్చుకోండి. సుకుమారంగా ఉన్న ఆడపిల్ల ఒక్కసారిగా భుజాలు ఎగరేస్తుంది, మీసం లేని చోట మీసం దువ్వినంత పని చేస్తుంది, నడకలో గద బరువు కనిపిస్తుంది. ఎవరిదండీ ఆ నడక? రంగారావుగారిది! లోపల ఉన్నది ఘటోత్కచుడు గదా. తెలుగు సినిమా హీరోయిన్ చేసిన అతి గొప్ప నటనల్లో ఒకటి, ఒక కేరెక్టర్ యాక్టరు నడకను అచ్చుగుద్దినట్టు పట్టుకోవడం వల్ల వచ్చింది. ఆయన అచ్చు అంత గట్టిగా ఉండబట్టి ఆవిడ పోత పోయగలిగింది. సహాయం అంటే ఇదీ అనాలని ఉంది గాని, ఆ మాట మీద నేనే కదా ఇందాక విరుచుకుపడ్డాను.

గుమ్మడిగారిది ఇంకో తరహా. ఇరవై ఏడేళ్ళ వయసులో, 1955 నాటి 'అర్ధాంగి'లో, ఆయన జమీందారు తండ్రి వేషం వేశారు. కొడుకు ఎవరనుకున్నారు? నాగేశ్వరరావుగారు, తనకంటే పెద్దవాడు! అప్పట్నించీ ఆయనకు తెరమీద వయసు తగ్గలేదు. తల నెరిసిన అన్నయ్య, చెప్పుకోలేని బాధ మింగే తండ్రి, నమ్మి మోసపోయిన మంత్రి. ఆయన గొంతులో ఒక తడి ఉండేది. కోప్పడుతున్నప్పుడు కూడా ఆ తడి ఆరేది కాదు. మా ఇంట్లో మగవాళ్ళు ఏడవరు అని గొప్పగా చెప్పుకునే ఊళ్ళల్లో, మధ్యాహ్నం ఆటకు వెళ్ళిన ఆడవాళ్ళు మగవాడి కన్నీళ్ళు మొదట చూసింది గుమ్మడిగారి కళ్ళల్లోనే అని నా నమ్మకం.

ఇక్కడ ఒక అన్యాయం సంగతి చెప్పాలి. సూర్యకాంతంగారి పుణ్యమా అని ఆంధ్రదేశంలో ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానేశారని అందరూ నవ్వుతూ చెబుతారు. ఆవిడే నవ్వుతూ వినేవారట. ఎంత అందమైన పేరు! సూర్యుడి వెలుగు తగిలితే మెరిసే రాయి. ఆ పేరు పెట్టుకుంటే పిల్ల గయ్యాళి ఐపోతుందని భయపడ్డారు తల్లిదండ్రులు. సరే, మరి రంగారావు పేరో? సావిత్రి వెంట పడ్డ కీచకుడాయన. సత్యనారాయణ పేరో? ఆయన చెయ్యని దౌర్జన్యం లేదు తెరమీద. రాజనాల, నాగభూషణం, రావు గోపాలరావు... ఎంతమంది ఎన్ని సంసారాలు కూల్చారు! ఒక్క తండ్రి అయినా "మా వాడికి సత్యనారాయణ అని పెట్టం బాబూ, విలన్ ఐపోతాడు" అన్నాడా? మగవాడు చెడ్డవేషం వేస్తే అది నటన. ఆడది వేస్తే అది స్వభావం. సెట్టుకు ఇంటినుంచి వండి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టిన మనిషి గురించి మనం ఇలా అనుకున్నాం. 1994 డిసెంబరులో ఆవిడ పోయారు. పేరు మాత్రం ఇంకా ఉయ్యాలలోకి రాలేదు.

మరి అప్పుడన్నీ బంగారు వేషాలేనా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. కాదు. కుట్టుమిషను ముందు కూచుని దగ్గుతూ కొడుకును చదివించిన తల్లులు లెక్కలేనంతమంది. సూర్యకాంతంగారినే నలభై సినిమాల్లో నలభైసార్లు ఒకే గయ్యాళిని చెయ్యమన్నారు. ఒక మంచి వేషానికి పది అరువు వేషాలు. 'తోడికోడళ్ళు' 1957లో వచ్చింది. అందులో కన్నాంబగారు పెద్ద కోడలు, సూర్యకాంతంగారు రెండో కోడలు. ఉమ్మడి ఇంటి బరువు మోసేది ఒకరు, ఆ ఇంటికి నిప్పు రాజేసేది ఇంకొకరు. శరత్‌బాబు కథ గనక ఇద్దరికీ వెన్నెముక ఉంది. అదే జంటను కథ లేని సినిమాల్లో పెడితే ఒకరు కేకలు, ఇంకొకరు కన్నీళ్ళు, అంతే. నటి మారలేదు, రాసిన చెయ్యి మారింది. నేను చెప్పేది ఆ చెయ్యి గురించే.

డెబ్బైల్లో ఆ చేతుల్లో ముళ్ళపూడి వెంకటరమణగారిది ఒకటి. 1975లో 'ముత్యాల ముగ్గు'లో కంట్రాక్టరుగా రావు గోపాలరావుగారు వచ్చారు. అరవడు, కొట్టడు, తీరిగ్గా వేళాకోళం ఆడుతూ గొంతు కోస్తాడు. పాటల రికార్డులు కొనుక్కోవడం ఎరుగుదుం గాని, ఆ సినిమా మాటల రికార్డు కూడా కొనుక్కుని ఇళ్ళల్లో వేసుకున్నారు జనం. సీతను అడవిపాలు చేసిన మనిషి మాటలు! నేనూ విన్నాను, నవ్వాను. ఆ తరవాత 1980లో 'శంకరాభరణం'. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన, నాటకాల్లో ఆరితేరిన సోమయాజులుగారు, యాభై దాటిన మనిషి, కథానాయకుడు. డ్యూయెట్టు లేదు, ఫైటు లేదు. జనం విరగబడి చూశారు. చూసేవాళ్ళకు కుర్రాళ్ళే కావాలన్న మాట ఎవరు పుట్టించారో గాని, 1980లోనే అది అబద్ధమని తేలిపోయింది.

నిర్మలమ్మగారిని మర్చిపోతే పాపం తగులుతుంది. 1986 నాటి 'స్వాతిముత్యం'లో అమాయకుడైన మనవణ్ణి ఈ లోకంలో ఒంటరిగా ఎలా వదిలివెళ్ళాలా అని బెంగపడే నాయనమ్మ. కమల్ హాసన్ నటనను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. కాని అతను అమాయకుడని మనకు ముందు నమ్మకం కలిగించింది ఆ ముసలావిడ కళ్ళల్లోని దిగులు. ఆ దిగులు లేకపోతే అతని పిచ్చి మనకు వేళాకోళంగా మిగిలేది.

కోట శ్రీనివాసరావుగారు బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసిన మనిషి. 1985లో 'ప్రతిఘటన'లో తెలంగాణ యాసతో రాజకీయ నాయకుడిగా వచ్చి భయపెట్టారు. రెండేళ్ళకు 'అహ నా పెళ్ళంట'లో పైన కోడిని వేలాడదీసి, కింద కూచుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారిగా నవ్వించారు. మన మాట మాట్లాడలేని వాళ్ళను పైనుంచి తెచ్చి పెద్ద వేషాలు ఇస్తున్నారని ఆయన చాలాసార్లు బాహాటంగా కోప్పడ్డారు. 2025 జులైలో ఆయన కూడా వెళ్ళిపోయారు. ఆ కోపంతో నేను పూర్తిగా ఏకీభవించను. ప్రకాష్‌రాజ్ కన్నడం వాడు. తెలుగు నేర్చుకుని, తన గొంతుతో తనే మాట్లాడి, ఎంతమంది తండ్రులను మనకు ఇచ్చాడు! పుట్టిన ఊరు అడ్డం కాదు. పెదవులు ఒకరివీ గొంతు ఇంకొకరిదీ ఐతే మాత్రం నాకు కష్టం. గుమ్మడిగారి గొంతులో తడి అన్నానే, అద్దె గొంతుకు ఆ తడి ఎక్కడ దొరుకుతుంది?

ఆ కోపం సంగతి ఎలా ఉన్నా, తరవాత్తరవాత తెర నిండా మనుషులైతే పెరిగారు, పాత్రలు తగ్గాయి. ఇవాళ్టి పెద్ద సినిమాలో పెళ్ళి సీను చూడండి. బాబాయిలు, పిన్నులు, మేనత్తలు, తాతలు, ఒక వరస ఫోటోకు నిలబడ్డట్టు ఇరవైమంది ఉంటారు. అందరూ పేరున్న నటులే. ఒక్కొక్కరికి ఒక్కో మాట. కెమెరా ఎటు తిరిగినా వాళ్ళు హీరోవైపే చూస్తూ ఉంటారు. హీరో జోకు వేస్తే నవ్వుతారు, హీరో కొడితే నోరు తెరుస్తారు. రోజుకింత అని డబ్బు పుచ్చుకుని ఆ ఇరవైమందీ చేసేది, హాల్లో మనం చేసే పనే! టిక్కెట్టు కొనుక్కుని మనం చేస్తాం, అంతే తేడా.

'అత్తారింటికి దారేది' 2013లో వచ్చి బాగా ఆడింది. నదియా చక్కటి మనిషి, చక్కటి నటి. తండ్రిని కాదని పెళ్ళి చేసుకుని, ఇల్లు వదిలి, తనంతట తాను నిలదొక్కుకున్న అత్తయ్య. ఎంత కథ ఉంది ఆవిడలో! ఇన్నేళ్ళూ ఆవిడ రాత్రిళ్ళు ఏం ఆలోచించుకుంది? తండ్రిమీద కోపం ఎప్పుడు ఆరింది, ఎప్పుడు రగిలింది? చెప్పరు. చివర్లో స్టేషన్లో మేనల్లుడు చెబుతాడు, ఆవిడ వింటుంది. తన జీవితం గురించి తనకే ఇంకొకరు వివరిస్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. సినిమా పేరులో అత్త ఉంది. అయితే 'గుండమ్మ కథ' గుండమ్మది, ఇది అల్లుడిది. పేరులో అత్త ఉన్నంతమాత్రాన కథలో ఉన్నట్టు కాదు.

జయసుధగారి సంగతి తల్చుకుంటే నాకు ఇంకా బాధ. 'జ్యోతి', 'శివరంజని' ఒంటిచేత్తో మోసిన నటి. 2006లో 'బొమ్మరిల్లు'లో తల్లి. ఆ ఇంట్లో అందరి బతుకులూ తండ్రి గుప్పిట్లో ఉన్నాయని కథ. కొడుకు ఆ గుప్పిట విడిపించుకోవడానికి రెండున్నర గంటలు పట్టింది. మరి అదే గుప్పిట్లో పాతికేళ్ళు ఉన్న తల్లి? జయసుధగారు ఒక్కో చూపులో ఆ పాతికేళ్ళను చెప్పడానికి ప్రయత్నించారు, చెప్పారు కూడా. రచయిత ఆవిడకు ఇంకో రెండు సీన్లు ఇచ్చి ఉంటే మన ఇళ్ళల్లో చాలామంది మగవాళ్ళకు ఆ రాత్రి అన్నం సహించేది కాదు. మంచి సినిమా గనకే ఈ మాట అంటున్నాను, చెడ్డదాన్ని ఎవరు అడుగుతారు!

కాలక్షేపం సినిమాలో ఇంత వెతుకులాట ఎందుకు అంటారేమో. ఎందుకంటే, మన ఆడపిల్లలు చూస్తున్నారు గనక. పాతికేళ్ళ దాకా పాటలు పాడి, పెళ్ళయ్యాక మాయమై, నలభై ఏళ్ళకు ట్రేతో కాఫీ పట్టుకుని మళ్ళీ ప్రత్యక్షమయ్యే ఆడమనిషిని పిల్లలు వందసార్లు చూస్తే, మధ్యలో ఆ పదిహేనేళ్ళూ ఏమీ జరగదనుకుంటారు. మనకు తెలుసు, జరిగేదంతా అప్పుడే జరుగుతుందని.

శివగామి ఉంది కదా అంటారు. ఉంది. 2015లోనూ 2017లోనూ 'బాహుబలి' రెండు భాగాల్లో రమ్యకృష్ణ సింహాసనం మీద కూచుంటే, ప్రభాస్‌కూ ఆవిడకూ తొమ్మిదేళ్ళే తేడా అన్నది ఎవరికీ తట్టలేదు. గుండమ్మా జమునా జ్ఞాపకం వచ్చారు నాకు. ఆవిడ నోటినుంచి వచ్చిన ఆజ్ఞ మీదే కథ మలుపు తిరుగుతుంది, ఆవిడ పొరపాటు మీదే కూలుతుంది. పొరపాటు చేసే హక్కు కూడా పాత్రకు ఒక గౌరవమే సుమండీ. ఉత్తమురాలైన తల్లికి ఆ హక్కు ఇవ్వరు.

కాని రాజమాతకు సింహాసనం, నగలు, వందలమంది సైనికులు ఉన్నారు. మామూలు ఇంట్లో మామూలు మనిషిని చూడాలంటే ఈమధ్య చిన్న సినిమాలకే వెళ్ళాలి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించిన వాళ్ళు చాలామంది విశాఖపట్నంలో ఆ పేట వాళ్ళే. నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళికాని ఆఫీసు అటెండరు, వయసొచ్చిన కూతురున్న అధికారిణి, వాళ్ళ మధ్య మెల్లగా పూసిన ఇష్టం. వెనకటి లెక్కన వాళ్ళిద్దరూ హీరో ఆఫీసులో ఫైళ్ళు అందించే మనుషులు. ఇక్కడ కథే వాళ్ళది. 2020లో 'మిడిల్ క్లాస్ మెలొడీస్'లో గోపరాజు రమణగారు గుంటూరు దగ్గర పల్లెలో హోటలు నడిపే తండ్రి. తిట్టకుండా కొడుకుతో ఒక్క మాట మాట్లాడడు. ఆ తిట్ల అడుగున ఉన్నదేమిటో భార్యకు తెలుసు. ఆ భార్య వేషం వేసిన ప్రభావతిగారి పేరు ముందున్న సురభి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నట్టు రమణగారు కూడా నాటకాల్లోంచి వచ్చిన వాడే. బావి ఎండిపోలేదు, చేద వేసే వాళ్ళే తగ్గారు.

2025లో 'కోర్ట్' వచ్చింది. ఒకప్పుడు హీరోగా చేసిన శివాజీ అందులో మంగపతి. పరువు పేరు చెప్పి ఇంట్లో ఆడవాళ్ళందరినీ చూపుతోనే కూచోబెట్టే పెద్దమనిషి. ఆయనకు కొమ్ములు లేవు, కత్తి లేదు. పక్క వీధిలో ఉంటాడు. సినిమా ఐపోయాక హాల్లోంచి బయటికి వస్తూ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం గమనించాను. ఎవరి మంగపతి వాళ్ళకు గుర్తొచ్చినట్టున్నాడు.

అన్నిటికంటే నా మనసు పట్టేసింది మాత్రం 2023 నాటి 'బలగం'. వేణు యెల్దండి తీశాడు. తాత చనిపోతాడు, పిండం కాకి ముట్టదు. అంతే కథ. ఒకప్పుడు సినిమాల్లో దుర్మార్గులకూ పనివాళ్ళకూ మాత్రమే ఇచ్చిన తెలంగాణ యాస ఇందులో ఇంటిల్లిపాదిదీ. తాతగా కేతిరి సుధాకర్‌రెడ్డిగారు సినిమా మొదట్లోనే పోతారు, ఐనా చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది. ప్రియదర్శి పెద్ద పేరున్న నటుడే, కాని బుడగ జంగాల కథ మొదలయ్యేసరికి అతనూ ఆ గుంపులో ఒకడు. ఇరవైమంది ఒకచోట కూచున్న సీనే, ఇందాక నేను వెక్కిరించిన పెళ్ళిఫోటో లాంటిదే. కాని ఇక్కడ ఎవరూ హీరోవైపు చూడటం లేదు. ఎవరి తప్పు వాళ్ళు చూసుకుంటున్నారు.

ఆ గుంపులో ఒక కూతురుంది. ఎప్పుడో ఒక పండగ భోజనంలో నల్లి బొక్క దగ్గర మొదలైన మాటపట్టింపుతో భర్త ఆ గడప తొక్కనని భీష్మించుకున్నాడు. ఆవిడకూ పుట్టిల్లు మూతపడింది. ఇరవై ఏళ్ళు. తండ్రి పోయాక గాని రాలేదు. నా కొలతతో చూశాను. ఆ ఇరవై ఏళ్ళూ ఆవిడ తన ఇంట్లో ఏం చేస్తూ ఉంటుంది? భర్తకు వండిపెడుతూ, పండగ వచ్చినప్పుడల్లా వీధి చివరికి చూస్తూ, ఎవరైనా అడిగితే "మా ఆయన మాట" అంటూ. అదేదీ తెరమీద లేదు. ఆవిడ శవం దగ్గర కూలబడిన తీరులో మాత్రం ఉంది.

సినిమా చూసొచ్చాక మా పక్కింటావిడ రెండు రోజులు ఆ కూతురి గురించే మాట్లాడింది. ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళైందో నేను అడగలేదు. "ఆ వేషం వేసినావిడ పేరేమిటండీ?" అంది. రూపాలక్ష్మి అని చెప్పాను. కేలండరు వెనకాల రాసుకుంది.